పేగు తీగ

లడ్లో ఊరి కొండ నెత్తిన రాతి చర్చి.
మార్చి వచ్చినా లోపల చలి కోటు విప్పలేదు.
పురుళ్ళ వార్డులో రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చాను,
ఆల్టో వరసలో ఎడమ చివర నా చోటు.

థియోర్బో మెడ మనిషికంటే పొడుగు.
నిద్రపోయిన పిల్లాణ్ణి మోసినట్టు
ఇద్దరు దాన్ని అడ్డంగా పట్టుకొచ్చారు.
ఇడ్రిస్ తన కార్నెటోని,
నల్లతోలు చుట్టిన ఆ వంకర కొయ్యని,
పెదవి మూలన ఆనించి ఊదుతాడు
ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు.

శ్రుతికే గంట పట్టింది.
ఈ పాత లెక్కలో కొన్ని జంట స్వరాలు తేనె,
ఒక జంట మాత్రం తోడేలు, ఊళ పెడుతుంది.
నాలుగొందల ఏళ్ళ కిందటి స్వరకర్త
దాని గుహ తప్పించి దారి వేశాడు.

రెండో కీర్తన నడుమ
టప్పున తెగింది మోర్వెన్నా వయొలిన్ పై తీగ.
"గొర్రె పేగు," అంది, మైనం కాగితం పొట్లం విప్పుతూ,
"గాలిలో తడి తగిలితే చాలు."

ఆర్గన్‌లో తోడేలు, వయొలిన్‌లో గొర్రె.
నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.
తెల్లవారుజామున నాలుగింటికి
నేను కత్తిరించిందీ పేగే.
మెలికలు తిరిగిన బొడ్డుపేగు,
నాడి ఆగేదాకా ఆగి, అప్పుడు.
మా భాషలో చుట్టరికమంతా పేగు మీదే వేలాడుతుంది.
పేగు తెంచుకుని పుడతాం,
పేగు కదిలితే ఏడుస్తాం.
ఇంగ్లీషులో ఇదెలా చెప్పాలో తోచక
ఆమె కొత్త తీగ చుడుతుంటే
ఫోను దీపం పట్టుకుని నిలబడ్డాను.

హెస్టర్ చేతిలో కర్ర ఉండదు.
ఊపిరి తీసుకుంటుంది, అదే సైగ.
"నిటారుగా," అంటుంది ఎప్పుడూ నాతో,
చిన్నప్పటి పాటల టీచరు నాటిన గమకం
నా గొంతులో ఇంకా వేళ్ళు కదుపుతుంటే.
ఒక్క చోట మాత్రం
ఒకే స్వరాన్ని గొంతుతో తట్టి తట్టి
గింజలు రాలినట్టు వదలాలి.
అక్కడ అందరూ నా వైపు తిరుగుతారు.

ఆఖరి స్వరం మేం వదిలేశాక కూడా
రాయి కాసేపు పాడింది.
బయట, తీము నది అవతలి పొలంలో
ఈనిన గొర్రె ఒకటి పిల్లను పిలిచింది.
ఎవరం కదల్లేదు.

"మళ్ళీ జారింది," అంది మోర్వెన్నా,
చెవి తీగకి ఆనించి.