గమర్జోబా

తెల్లారకముందే సోలోలాకి వీధిలో నిద్రలేచేవి మూడు:
జౌర్ రొట్టెల పొయ్యి,
చెవికి పసుపు బిళ్ళ ఉన్న వీధికుక్క,
నా ఎడమ మోకాలు.

పొయ్యి నేలమాళిగలో ఉంటుంది.
నడుము దాకా అందులోకి వంగి
మంటకేదో రహస్యం చెబుతున్నట్టు
లోపలి గోడకు పిండి అతికిస్తాడు జౌర్.
కిటికీ సరిగ్గా కాలిబాట ఎత్తున.
అతనికి లోకమంటే పాదాలే.
నన్ను కూడా
నీలి బూట్లుగానే ఎరుగును.

వచ్చిన మొదటి చలికాలం,
మంచు మీద పడుతూ లేస్తూ పరుగెడుతుంటే
వాల్‌నట్లు దారానికి గుచ్చి అమ్ముకునే నానులి
గదమాయించి ఆపింది:
"ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?"
ఆ భాషలో నాకున్నవి పదో పన్నెండో మాటలు.
వెతికి వెతికి ఒకటి తీసిచ్చాను,
"అరావిన్." ఎవరూ లేరు.
పాపం, నాకే ఎవరూ లేరనుకుంది.
గుప్పెడు వాల్‌నట్లు జేబులో పోసింది.
ఆ పూటంతా నా అడుగులకు గలగల.

వంతెనల పగుళ్ళు కొలవడం నా పని,
అది ఊరూరా తిప్పుతుంది.
దోహాలో రాత్రి మూడింటికి కూడా గాలి
పొయ్యి మీది మూకుడు.
హోటల్ పద్నాలుగో అంతస్తులో, కదిలే పట్టా మీద
గంటసేపు పరుగెత్తి
ఇంకా అదే క్రేన్ ఎదుటే ఉన్నాను.
బెర్గెన్‌లో వాన.
బెర్గెన్ గురించి ఇంకేం గుర్తులేదు.
అల్మాతీ కొండల్లో దారి తప్పితే
ఆపిల్ తోట కాపలా ముసలాయన
గుర్రం మీద ముందు నడుస్తూ రోడ్డు దాకా దిగబెట్టాడు.
నా వేగం చూసి గుర్రం రెండుసార్లు ఆవలించింది.

మాటలన్నీ ఎక్కడికక్కడ అరువు తెచ్చుకున్నవే.
ఊపిరి లెక్క ఒక్కటే తెలుగులో నడుస్తుంది.
ఎనిమిది దాకా బాగానే ఉంటుంది,
తొమ్మిది దగ్గర రొప్పు,
పది ఎప్పుడూ కొండకి ఆవలే.

లెక్క వెంటే, పిలవకపోయినా, వస్తుంది ఆ సామెత:
పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగడం మేలట.
తాబేటి చెరువుకెక్కే దారిలో
దానితో నాకు రోజూ తగువే.
పాల కోసం ఎవరు పరుగెత్తారు?
ఆ మాట కట్టినవాడికి
చెమటారేటప్పుడు మెడ వెనక తగిలే గాలి
తెలిసి ఉండదు.

మే నెలలో నది ఒడ్డున పందెం.
ఇరవై ఒక్క కిలోమీటర్లు.
పదిహేనో దాని దగ్గర పిక్క పట్టేసింది,
పదిహేడు దగ్గర ఓ పిల్లాడి స్కూటర్
గంట కొట్టి మరీ దాటిపోయింది.
నేను చేరేసరికి
గాలి తీసేసిన తోరణం నేల మీద పడుకుని ఉంది.
గడియారం ఆపేశారు.
అరటిపళ్ళ పెట్టెలో తొక్కలు.
బల్లలు మడుస్తున్న కుర్రాడు, తొర్నికే అట పేరు,
తలెత్తి నవ్వాడు:
"గమర్జోబా!"

రోజుకు నలభైసార్లు వినే మాట.
నమస్కారం లాంటిది, అంతే అనుకునేదాన్ని.
ఆ మాట విప్పి చూస్తే లోపలున్నది గెలుపని
నానులి మొన్ననే చెప్పింది.
ఎన్ని దండయాత్రలు చూసిందో ఈ ఊరు,
కూరలమ్మే మనిషినీ
కరెంటు బిల్లు తెచ్చే మనిషినీ కూడా
గెలుపుతోనే పలకరిస్తుంది.
కట్టకడపటిదాన్ని నేను.
వెనక నది ఉంది, ఇంకెవరు?
అరావిన్.
అయినా బదులు చెప్పాలి కదా,
"గగిమర్జోస్."
నీకూ గెలుపే నాయనా.

వీధి మూలన ఇనుప కొళాయి,
నొక్కితే నీళ్ళు పైకి చిమ్ముతాయి.
నిలబడి, ఒంగి, కడుపు నిండా తాగాను.
సామెతకు మాత్రం చెప్పలేదు.

ఇంటిదారిలో
నీలి బూట్లు కుంటుతున్నాయని కనిపెట్టినట్టున్నాడు జౌర్,
మెట్లెక్కి మొదటిసారి పైకొచ్చాడు.
ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.
నేననుకున్నదానికన్నా పొట్టి.
అతననుకున్నదానికన్నా నేను ముసలి కాబోలు.
వేడి రొట్టె విరిచాడు.
సగం నాకు.
నా సగంలో సగం
కుక్క తన వాటాగా తీసుకుంది.