మిషన్ తిరగని మూల

వరికోతల మిషన్ వచ్చింది సిరొంచకు
ట్రాలీ మీద కూసున్న ఏనుగోలె,
ముందుపండ్లకు గోనెపట్టా కట్టుకొని.
దాని వెంట ఇద్దరు.
స్టీరింగు కాడ రిసాల్ సింగ్, రోహతక్ దిక్కు జాట్.
గ్రీజు డబ్బా కాడ మాంగేరాం.

ఇరవై రెండు దినాలు వాళ్లకు వండింది నేనే,
కొడవలి చూరుల చెక్కి
పెనం అందుకున్నదాన్ని.
ఎకరం గంటల కోసేదానితోని
నాకేం పంచాయితి?

రొట్టె మందంగ కావాలన్నడు.
జొన్నరొట్టె తట్టినట్టే గోధుమరొట్టె తట్టిన.
మా అమ్మ చేతి రుచి అన్నడు రిసాల్.
అబద్ధమని తెలుసు,
అయినా ఇంకొకటి ఏసిన.

రాత్రి ప్రాణహిత మీంచి చలి ఎక్కుతుంటే
కత చెప్పేటోడు, సగం హిందీ, సగం చేతులు.
శివుడు కోపాన జట పెరికి నేలకు కొట్టిండట,
అండ్లకెల్లి లేచిండ్రట వాళ్ల తొలిమనుషులు.
జట నుంచి జాట్ అని తొడ చరిచిండు.

నాకు నవ్వొచ్చింది.
ఆ దెబ్బకు లేచింది మా వీరభద్రుడు గదా!
ఆ జడపాయ పిండుకొనే గదా
గౌతముడు గోదారిని తెచ్చుకున్నది!
అగో, అవతల కాళేశ్వరం దీపాల కింద
కదలనట్టే పారుతున్నది.
ఒక్క తలకు ఎన్ని వెంట్రుకలమయ్యా మనం.

వాళ్ల తాత జందెం ఏసుకున్నడట.
నాగలి పట్టేటోనికి నూలుపోగు ఎందుకని
పై కులపోళ్లు నాలుగూళ్లను పిలిచి కూసున్నరట.
చెమటకు నల్లబడ్డ ఆ పోగును
కాడు చేరిందాక తియ్యలేదట తాత.
అన్న సచ్చిపోతే వదినకు మరిది చద్దరు కప్పుతడట,
దానికే పురోహితులు మూతి తిప్పుకునేటోళ్లట.

మాల దాన్ని మారుమనువు అంటం, అన్న.
నాది రెండో మనువన్న ముచ్చట
పొయ్యిలకు నెట్టిన, కట్టెతోపాటు.

మాది ముప్పై ఆరు కులాల ఊరు,
అందరం ఒక్కటే అన్నడు రిసాల్.
మేం సబ్బండ కులాలంటం.
వేళ్ల మీద లెక్క పెట్టుకుంట పోయిన.
మా వాడ దాకా రాకముందే
వేళ్లు అయిపోయినయి.

అప్పుడు నోరు తెరిచిండు మాంగేరాం,
అన్ని దినాలల్ల మొదటిసారి.
మా చిన్నాయన పెండ్లినాడు గుర్రమెక్కిండు.
కళ్లెం పట్టి దింపింది ఎవరో తెలుసా?
ఆ జందెం తాతనే.

రిసాల్ ఏమనలే.
మంటల ఒక కట్టె తిరగేసిండు,
అది అప్పటికే మంచిగ మండుతున్నది.

తెల్లారి మళ్ల ఒకే బకెట్ల మొహాలు కడిగిండ్రు,
ఒకే గిలాసల చాయ తాగిండ్రు.
మా ఊరి గుర్తురాయి కనబడితే
గిలాసలు రెండయితయి,
కడుగుకుంట చెప్పిండు మాంగేరాం,
వాన పడుతదని చెప్పినంత మెల్లగ.

పోయే ముందురోజు ఫోన్ల రిసాల్ తల్లి.
ఇన్ని దినాలు ఎవరింట్ల తింటున్నవురా?
మనలాంటి సేద్యగాళ్లమ్మా, అన్నడు.
నా దిక్కు చూడలే.

గుంటెడు చెలక లేనిదాన్ని.
ఒక్క మాటకు పొలం రాసిచ్చిండు నాకు,
బోరుతోని, గట్టుతోని, కులంతోని.
ఆ పొలంల నిలవడదామని చూసిన.
కాలు ఆనలే.
అయినా పిండి పిసుకుతనే ఉన్న,
తొవ్వకు పన్నెండు రొట్టెలు కట్టాలె.

మిషన్ పోయింది.
ట్రాలీ ఎనుక మాంగేరాం చెయ్యి ఊపిండు,
రిసాల్ హారన్ కొట్టిండు, రెండుసార్లు.

మధ్యాహ్నం పొలం దిక్కు పోయిన.
మూల మలుపుల కాడ మిషన్ తిరగలేక
ఇడిచిపెట్టిన వరి అట్లనే నిలబడి ఉన్నది,
నాలుగు మూలలల్ల నాలుగు పిడికిళ్లు.
ఆ పంట ఎవరిదని అడిగేటోడు లేడు.
చూరులకెల్లి కొడవలి తీసి
తుప్పు మీద ఉమ్మి, రాయి మీద నూరిన.
వంగేసరికి నడుము
పాత దోస్తును చూసినట్టు గుర్తుపట్టింది.