స్థానభ్రంశం సున్నా

బలం, శక్తి, సామర్థ్యం.
అమ్మవారికి దణ్ణం పెట్టుకునేటప్పుడు
మూడింటినీ ఒకే ఊపిరిలో అడిగేస్తాం.
నేను మాత్రం పందొమ్మిదేళ్ళుగా
కొత్త బ్యాచ్ రాగానే
వాటిని మూడు బెంచీల మీద విడివిడిగా కూర్చోబెడతాను,
కొట్టుకునే పిల్లల్లాగా.

గరికిన సత్యవేణి, సెకండియర్.
రికార్డు పుస్తకంలో లోలకమూ స్ప్రింగూ అయిపోయాక
మిగిలిన పేజీల్లో తనే ఒక ప్రయోగం చేర్చింది.
ఉద్దేశం: పెదవల లాగుటలో జరుగు పనిని కనుగొనుట.
పరికరాలు: తాళ్ళు రెండు, మనుషులు ఇరవై నలుగురు,
చేపలు తూచే కొక్కెం కాటాలు రెండు, మేనమామవి,
ఫోన్లో గడియారం, సముద్రం.

సముద్రాన్ని పరికరాల్లో రాసిన పిల్లని
నేనింతవరకు చూళ్ళేదు.

పెదజాలరిపేట ఒడ్డు. ఉదయం ఐదుంపావు.
దూరంగా లంగరేసిన ఓడల్లో దీపాలింకా ఆర్పలేదు.
నడుముకి తాడు చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తారు.
పైకి చేరినవాడు విప్పుకుని
మళ్ళీ నీటి అంచుకి దిగుతాడు.
ఒక్కో కాటాలో ముల్లు వంద కిలోల దగ్గర వణికింది.
రెండు తాళ్ళకీ కలిపి రెండు వేల న్యూటన్లు.
మూడు వందల మీటర్లు. యాభై నిమిషాలు.

పని: ఆరు లక్షల జౌళ్ళు.
సామర్థ్యం: రెండు వందల వాట్లు.

లెక్క తప్పేమోనని రెండుసార్లు చేశాను.
మా వంటింట్లో మిక్సీ ఏడొందల యాభై.
ఆరు లక్షల జౌళ్ళంటే
మీటరు మీద యూనిట్లో ఆరో వంతు,
ఇరవై నాలుగు నడుములు
ఒక పొద్దున.

పట్టికలో ఆరో వరస దగ్గర ఆగిపోయాను.
కాలం: పదకొండు నిమిషాలు. బలం: అంతే.
జరిగిన దూరం: లేదు.
పని అన్న గడి ఖాళీ.

"సున్నా వెయ్యాలి కదమ్మా?"
"తెలుసు మేడం. అలలు ఎదురు లాగేత్తన్నాయి,
మడమలు పాతేసి నిలబడిపోనారు.
మా తాత ఎల్లాజీ అక్కడే బాగా అలిసిపోనాడండి."

చెప్పాను. కండలో పోగులు జారుతుంటాయని,
జారినవి మళ్ళీ పట్టుకుంటాయని,
ఆ ఖర్చంతా వేడై, చెమటై పోతుందని,
తాడుకి మాత్రం ఏమీ అందదని.
అన్నీ నిజాలే చెప్పాను.

విని, కాసేపాగి, అంది:
"ఒగ్గేస్తే వల లోపలికి పోద్ది కదండీ, మైనస్ వస్తాది.
ఆ సున్నా ఊరికినే రాలేదు."

ఆ రాత్రి కంచరపాలెంలో కరెంటు పోయింది.
చీకట్లో కూర్చుంటే
సిలబస్‌లో లేని మాటొకటి తగిలింది: ఓపిక.
ఒంట్లో ఓపిక లేదంటాం.
కాస్త ఓపిక పట్టమంటాం.
ఒకే మాటలో ఇంధనమూ ఉంది, ఆగడమూ ఉంది.
దేంతో కొలవాలి దాన్ని? జౌళ్ళతోనా, సెకన్లతోనా?
ఏ బెంచీ మీద కూర్చోబెట్టాలి?

వల్లో ఏం పడిందో రికార్డులో లేదు. నేనే అడిగాను.
తట్టెడు కవ్వలు, గుప్పెడు నెత్తళ్ళు,
ఒక చెప్పు, ఎడమకాలిది.

ప్రాక్టికల్స్‌కి బయటి పరీక్షకుడు వచ్చాడు.
మంచివాడే, టీలో పంచదార వద్దన్నాడు.
ఆ ఖాళీ గడిని ఎర్రగా చుట్టి
అసంపూర్ణం అని రాసి, ఒక మార్కు తీసి,
పుస్తకం నా వైపు తిప్పాడు.

సంతకం పెట్టాను.
కలం మీద బలం ఒక న్యూటన్ ఉంటుందేమో.
కాగితం మీద జరిగిన దూరం
మూడు నాలుగు సెంటీమీటర్లు.
అది పనే.
అది లెక్కలోకొస్తుంది.