అనవసరమైనది కొట్టివేయుము

ఏలూరు రోడ్డు వెనక సందులో
నాంచారయ్య గారి ప్రెస్సు.
ఆ వారం నా చేతికి రెండు పనులొచ్చాయి.
ఒకటి తాతారావు మాస్టారి కరపత్రం, ఎనిమిది పేజీలు,
'అసలా మనిషి పుట్టనే లేదు' అని మొదలవుతుంది.
రెండోది ఏలీషా అయ్యగారి మంచి శుక్రవారం పుస్తకం,
అదే మనిషి ప్రాణం పోయిన గంటల లెక్క.
ఇద్దరిదీ పన్నెండు పాయింట్ల అక్షరమే.
ఇద్దరూ అడ్వాన్సు ఇవ్వలేదు.

ప్రూఫులకి ఒకే మధ్యాహ్నం దిగారు.
మాస్టారిది ఎర్ర సిరా, అయ్యగారిది పెన్సిలు ముక్క.
బల్లకి చెరో పక్కా కూర్చుని
నా తల మీదుగా వాదించుకున్నారు.

"ఆయన్ని చూసినవాడు ఒక్కడైనా రాశాడటండీ?
ఎప్పుడో ఎనభై ఏళ్ళకి రోమువాడొకడు
ఒక్క వాక్యం గీకాడు, అదీ చెవిన పడ్డ మాట."
"మేకులు కొట్టించిన వడ్రంగి పేరు
దొర చిట్టాలో రాసుకుంటాడా మాస్టారూ?
మీ తాతగారు కరణం కదా,
ఆయన దస్త్రాల్లో మా తాత ఉన్నాడేమో
ఒకసారి చూసి చెప్పండి."
మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
చాలాసేపు తుడుచుకున్నారు.
"సరే, ఉన్నాడే అనుకుందాం. చచ్చాడని ఏమిటి రుజువు?
సొమ్మసిల్లి ఉంటాడు.
రాతిగది చల్లదనానికి తెలివొచ్చి ఉంటుంది."
"ఇందాక పుట్టనివాడు ఇప్పుడెలా సొమ్మసిల్లాడండీ?"

నాంచారయ్య గారు పడీపడీ నవ్వి టీ తెప్పించారు.
నేను నవ్వలేదు, స్టిక్కులో వరస చెదురుతుంది.

సీసపు అక్షరాల్ని తలకిందులుగా చదవడం నా పని.
మాస్టారి ఆఖరి పేజీలో ఆఖరి మాట: లేడు.
అయ్యగారి ఆఖరి పేజీలో: లేచాడు.
నడుమ ఒక్క 'చా'.
ఆ సైజులో మా కేసులో మూడే ఉన్నాయవి,
ఒకదానికి తల విరిగింది.

డెబ్బై ఏడు ఉప్పెన రాత్రి, దివిసీమలో
నాన్న గేదె కట్టు విప్పడానికి బయటికెళ్ళాడు.
గేదె దొరికింది,
తుమ్మచెట్టు కొమ్మల్లో.
అమ్మ నాలుగు రోజులు శవాల్ని తిరగేసింది,
మొహాలు చూసి లాభం లేదని
కాలివేళ్ళు చూస్తూ.
తాలూకా ఆఫీసు గుమాస్తా పేరడిగాడు.
రేషన్ కార్డులో పోతురాజు, గుడి రిజిస్టర్లో ఫిలిప్పు.
"ఇద్దర్లో పోయిందెవరు?" అన్నాడు.
శవం చూపించమన్నాడు.
లేకపోతే చూసిన సాక్షిని తెమ్మన్నాడు.
చూసినవాళ్ళూ ఆ నీళ్ళలోనే పోయారు.
అయితే ఏడేళ్ళు ఆగాలి,
ఏడేళ్ళు కనపడకపోతే చచ్చినట్టు లెక్కట.
"అందాకా బతికున్నట్టా బాబూ?" అని అడిగింది అమ్మ.
ఆ మాటకి వాళ్ళ దగ్గర రూలు లేదు.

"ఏమోయ్ యోబూ, నువ్వేమంటావ్?"
ఉన్నట్టుండి ఇద్దరూ నా వైపు తిరిగారు.
"టీ చల్లారిపోతోందండీ" అన్నాను.

శుక్రవారానికి అయ్యగారి పుస్తకం అందించాను.
మాస్టారి కరపత్రం ఆదివారం నాటికి.
ఒకరిది ఒకరు కొనుక్కున్నారని తర్వాత తెలిసింది.
అక్షరాలు కడిగి ఏ గడివి ఆ గడిలో వేశాను.
మర్నాడు అవే అక్షరాలతో
సర్కారు వారి పింఛను ఫారం, రెండు వేల కాపీలు:
భర్త జీవించి ఉన్నాడు / లేడు.
అనవసరమైనది కొట్టివేయుము.

మసి పడ్డ కాపీ ఒకటి జేబులో పెట్టుకుని
రాణిగారి తోటలో మా గదికి తెచ్చాను.
అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.
ఆదివారం బడిలో నేర్చిన అక్షరాలు,
కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది.
కలం తీసుకుని
'ఉన్నాడు' మీదికి తెచ్చి ఆపింది.
అలా ఆపే ఉంచింది,
కలం కక్కి 'లేడు' మీద సిరా చుక్క పడేదాకా.

"ఇది పాడైందిరా" అంది.
"రేపొచ్చేటప్పుడు ఇంకోటి తే."