గడప దాటని పని

లియెపాయలో ఫిబ్రవరి.
సంగీత పాఠశాల నేలమాళిగలో
బాయిలర్ పక్కన మడత కుర్చీ వేసుకుని
కోటు విప్పకుండానే కూర్చున్నాను.
ఒళ్ళో ల్యాప్‌టాప్.
లేతనీలం కన్సోల్ కేబుల్ మోకాలి మీదుగా జారి
ఇనుప రాక్‌లోకి దూరింది.

రీగాలో ఓ బ్యాంకు మూతపడితే
వేలంలో ఎవరూ అడగని పెట్టె ఇది.
ముప్పై రెండు యూరోలకు బడి కొనుక్కుంది.
ఒకప్పుడు స్టాక్‌హోమ్‌కి ఏ దారి దగ్గరో,
అది తెగితే వార్సా మీదుగా ఎట్లా చుట్టి వెళ్ళాలో
రెప్ప సగం వాలేలోపు తేల్చేసేదట.
ఇప్పుడు దీన్ని నేనడిగేది ఒక్కటే:
మూడో అంతస్తులోని పియానో గదిని
కింద ఆఫీసుతో మాట్లాడించమని.

మాట్లాడించదు.

పింగ్ పంపితే ఉలుకూ పలుకూ లేదు.
ఆరా తీస్తే తేలిందిదీ:
ప్రతి పోర్టూ తానొక రాజ్యమనుకుంటోంది.
గుమ్మానికొక సరిహద్దు,
"నీదే సబ్‌నెట్, నాకేదీ చిరునామా" అంటూ
కాగితాలడిగే మొహం.
పక్కింటికి చక్కెర బదులుకొచ్చిన మనిషిని
వీసా ఏదని నిలదీస్తే ఏం చెబుతాడు?

తప్పు దానిది కాదు.
దాన్ని అట్లా పెంచారు.

పోర్టులోకి దిగి ఒక్క మాట రాయాలి: స్విచ్‌పోర్ట్.
అంటే, ఊళ్ళ మీది దారులు నీకెందుకు,
ఇక ఇరుగూ పొరుగూ చూసుకో, అని.
వీల్యాన్ పది అని ఒక వీధి వేశాను.
ఇరవై నాలుగు గుమ్మాలనూ ఆ వీధికి తిప్పి
మూసి ఉన్న తలుపులన్నీ తెరిచాను.
అనుకున్నాను, అన్నీ తెరిచానని.

మొదటి ఫ్రేము వచ్చింది.
పెట్టెకు ఎవరూ తెలియదు, కొత్త కాపురం.
వచ్చిన గుమ్మం వదిలేసి
మిగతా అన్నిటికీ చాటింపు వేసింది.
ఎక్కడో ఎవరో పలికారు.
పలికిన గుమ్మాన్ని చిట్టాలో రాసుకుంది.
ఐదు నిమిషాలు చప్పుడు లేకపోతే
ఆ పేరు కొట్టేస్తుంది,
పగేమీ లేదు, చోటు కోసం.

అప్పుడొచ్చాడు ఆర్విడ్స్,
బడి కాపలాదారు, చేతిలో లిండెన్ పూల టీ.
నాకు కప్పు అందించి, రాక్ వైపు చూసి
వేలాడుతున్న కేబుల్ కొస ఒకటి
ఖాళీగా కనిపించిన చోట టక్కున గుచ్చాడు.

దాని రెండో కొస అప్పటికే
అదే పెట్టెలో ఉంది.

ఒక చాటింపు గిర్రున తిరిగి రెండయింది,
రెండు వేలయింది.
ఇరవై నాలుగు దీపాలూ
ఒకే పిచ్చి తాళానికి కొట్టుకున్నాయి,
మొదటిసారి వయొలిన్ పట్టిన పిల్లలంతా
ఒకేసారి కమాను లాగినట్టు.
నా తెరమీద అక్షరం కదల్లేదు.
పరుగున పోయి పీకేశాను.
టీ కొంత కీబోర్డు తాగింది.

"వేలాడుతుంటే చూడలేకపోయానమ్మా"
అన్నాడు, టోపీ చేతిలోకి తీసుకుని.
ఆయన్నేమంటాను?
స్పానింగ్ ట్రీ పెట్టడం మరిచింది నేను.
ఇంట్లో గొలుసు పడితే ఒక తలుపు తానే మూసుకునే
ఆ కాస్త ఇంగితం
దారులు చూసే పెట్టెకు పుట్టుకతో లేదు.
ఆర్విడ్స్ నిలబడే ఉండగా రాశాను.
మళ్ళీ గుచ్చమన్నాను. భయపడుతూ గుచ్చాడు.
ఒక్క దీపం పసుపుకు తిరిగి ఊరుకుంది.

పైన ఎవరో స్కేళ్ళు వాయిస్తున్నారు,
నాలుగో స్వరం దగ్గర ప్రతిసారీ తడబాటు.

సేవ్ చేశాను. రెండుసార్లు చేశాను,
సముద్రం మీది గాలికి
ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు.
మూసేముందు, ఎందుకో,
నీకు తెలిసిన దారులు చూపించు అని అడిగాను.
పట్టిక ఖాళీగా వచ్చింది.
శీర్షిక ఉంది, కింద గీత ఉంది, అంతే.

మెట్ల మీద మడమల చప్పుడు.
చెల్లో టీచరు వెల్టా,
గది నంబరు చెప్పకముందే కోపం.
"అందరికీ వస్తోంది, మాకు తప్ప!"
లెక్క చూస్తే పదిహేడో పోర్టు.
వరుస రాసేటప్పుడు నా వేలే దాన్ని దాటేసింది.
ఊరందరిదీ ఒక దారైతే
ఉలిపికట్టెది ఒక దారి, అంటాం గానీ
ఈ ఉలిపికట్టెను చేసింది నేనే.

మళ్ళీ కుర్చీ విప్పాను.