చెవెనుక బొక్క

ఖుద్దూస్ ఉస్తాద్ మొదటి పాఠం ఒక్కటే:
బానెట్ ఎత్తు, నోరు మూయి.

ముషీరాబాద్ మెయిన్ రోడ్డు లోపటికి
రెండు కట్టెల అడ్తీలు దాటినంక మా షెడ్డు.
ముందట బస్సులు, ఆ మీద మెట్రో,
నడుమ ఓ మారుతీ వ్యాను
తన బాధ తనకే వినబడనంత లొల్లిల నిలబడి ఉంటది.

ఉస్తాద్ మూరెడు స్క్రూడ్రైవర్ తీస్తడు.
కట్టె పిడి, పట్టీ పట్టీ నల్లగైంది.
మొన ఇంజన్ మీద, పిడి చెవి మీద.
కండ్లు మూసుకుంటడు.
దర్గాల గూడ ఆయన
అంత నిమ్మళంగ కండ్లు మూయంగ నేను చూడలే.

టక టక టక, ట్యాపెట్.
దీనికి తొందర లేదు, దసరా దాకా నడుస్తది.
ఇసుర్రాయిల నూకలేసినట్టు గర్రుమంటే ఆల్టర్నేటర్ బేరింగు.
కింద, శానా కింద,
ఎవరో లోపటికెల్లి తలుపు గుద్దినట్టు
దబ్... దబ్...
గప్పుడు మాత్రం చెయ్యెత్తి, బంద్ చెయ్ అంటడు.
కొంచెంసేపు బండి ఓనర్ మొకం చూడడు.

నేను కోఠీకి వొయ్యి డాక్టర్ల సామాన్ల దుకాన్ల
స్టెతస్కోప్ కొన్న, నాలుగు వందల యాభై.
గుండెకు ఆనిచ్చే బిళ్ళ పీకేసి
బ్రేక్ పైపు ముక్క తొడిగిన.
ఐలేశ్ గాడు డాక్టర్ సాబ్ అని పిలువవట్టె.
ఉస్తాద్ నవ్విండు:
నీది రబ్బరు చెవి బేటా,
గడప అవతల నిలబడి ముచ్చట వింటది.
నాది చుట్టం. లోపటికి వొయ్యి కూసుంటది.

ఆ యేడు ఎండకాలం
కంప్రెసర్ టాంకీ పేలింది.
రేకులు లేచినయి. గోడకున్న ఫ్యాన్ బెల్టులన్నీ రాలినయి.
ఉస్తాద్ రెండు చెవులల్లకెల్లి నెత్తురు,
సన్నగ, ఆయిల్ సీలు కారినట్టు.

దవాఖానల డాక్టరమ్మ
రెండు కాళ్ళ ఇనుప పుల్లను మోచేతికి కొట్టి
చెవి ముందట పెట్టింది. తల అడ్డంగ ఊపిండు.
మళ్ళ కొట్టి చెవెనుక బొక్కకు ఆనిచ్చింది.
ఉస్తాద్ కండ్లు మూసుకున్నడు.
నాకు ఎరికైన మూతనే.

పొర చినిగింది గని నరం మంచిగుంది అన్నదామె.
ఆ మాట ఆయనకు వినబడలే.
వాపసు ఆటోల కూసున్నంక
జేబులకెల్లి చిన్న స్క్రూడ్రైవర్ తీసి
డ్రైవర్ సీటెనుక రాడ్డుకు ఆనిచ్చి
పిడి అదే బొక్కకు పెట్టుకున్నడు.
చౌరస్తా దాటినంక డ్రైవర్ భుజం తట్టి
నీ గేర్‌బాక్సు పోతది, నూనె చూస్కో అన్నడు.

రెండుసార్లు ఆపరేషనైంది, పొర అతకలే.
మాతోని ముచ్చట చేతులతోటి,
ఇంజన్లతోని బొక్కతోటి.
అజా వినబడదు, గడియారం చూసి లేస్తడు.
మనుమరాలి ఏడుపు వినబడదు.
ఆల్టో వాటర్ పంపును నేను ఆల్టర్నేటర్ అంటే మాత్రం
స్క్రూడ్రైవర్ పిడితోటి నెత్తి మీద ఒకటి పడ్తది.

నా కడుపుల ఒక చప్పుడుండె, ఆరేండ్లసంది.
సేఫ్టీ వాల్వు తుస్సు తుస్సుమంటుంటే చికాకైతుందని
తీగ చుట్టి బిగించింది నేను.
ఆ దినం పొద్దుగాల.

మొన్న రాత్రి షట్టర్ సగం దించినంక
ఆయన ఓ వ్యాను మీద వంగి ఉన్నడు,
పిడి బొక్కకు పెట్టుకొని, స్టార్ట్ చెయ్యమని సైగ చేసుకుంట.
నేను స్టార్ట్ చెయ్యలే.
మొన పట్టి నా దవడకు ఆనిచ్చుకున్న.
సల్లటి ఇనుము.
ఉస్తాద్, తీగ కట్టింది నేనే.

కండ్లు తెరువలే. శానాసేపు.
ఆఖరి మెట్రో పోయింది, రేకులు అదిరినయి.

తెలుసు, అన్నడు.
తన గొంతు తన లోపల్నే మోగుతది కాబట్టి
ఆయన ఎప్పుడూ మెల్లగనే మాట్లాడుతడు.
ఆ ముడి నేను నేర్పిందే గదరా.

నేను మెడలకెల్లి స్టెతస్కోప్ తియ్యబోతే వద్దన్నడు.
మొన తుడిచి
స్క్రూడ్రైవర్ నా చేతుల పెట్టిండు.
మూడో ట్యాపెట్ జర చూడు,
నాకు అనుమానమున్నది.