కండిషన్ ఏటని అడిగినారు

ఫోనులో కండిషన్ ఏటని అడిగినారు.
ఉన్నదున్నట్టే చెప్తాను, రాసుకోండి.

పర్లాకిమిడిలో చిన్నరైలు పాతగేటు దాటి
ఎడంపక్క ధాన్యం గొడౌన్లో ఉంది.
మీద గోనెపట్టా, పట్టా మీద పిల్లి.
పిల్లి బేరంలో లేదు.

యాభైనాలుగు మోడలు కార్వెట్.
తెలుపే. ఇప్పుడు పులిసిన మజ్జిగ తెలుపు.
ఒళ్లంతా ఫైబరు, రేకు కాదు,
అందుకని పైకి తుప్పు కనబడదు.
చాప పరుచుకుని కిందకి దూరి చూడండి:
తుప్పంతా ఎముకల్లో ఉంది.
ఈ ఊళ్లో కొన్ని పెద్దిళ్లూ ఇంతే.

ముందు నోటికి పదమూడు పళ్లు.
ఒకటి కాశీనగర్ మలుపులో ఎద్దు కొమ్ముకి పోయింది,
మూడు గుంటలు పీకేసినారు.
కొమ్ముబొమ్మలు చేసే దైతారి మహారాణా
గేదెకొమ్ము కాచి, వంచి, నూరి, మెరుగుపెట్టి
నాలుగు నల్లపళ్లు కట్టినాడు.
డబ్బు తీసుకోలేదు.
పొద్దున్న పాలకెళ్తూ ఆగి
ఇప్పటికీ దాని నోరు చూసి పోతాడు.
కంపెనీ సామాను కాదు, ముందే చెప్తున్నాను.

హారన్ లేదు. కొమ్ములే ఉన్నాయి.

ఇంజను ఆరు సిలిండర్లు.
డెబ్బైమూడు వానల్లో పట్టేసింది, మరి కదల్లేదు.
మీటరు మీద నూటనలభై దాకా అంకెలేసినారు,
ఎవరికోసం వేసినారో.
కలకత్తా వేలంలో కొని తెచ్చిన కలప కాంట్రాక్టరు
ఎడంపక్క కూచుని మొదటిరోజు బజార్లోకొస్తే
కుడిపక్క ఖాళీ చూసి జనం
డ్రైవరు లేకుండా ఒస్తందని పరిగెట్టినారట.

ఇంజను పోయినాక పెళ్లిళ్లకి తోసేం.
వెనక ఆరుగురం. మేమే సిలిండర్లం.
నాది కుడి తోకదీపం పక్క చోటు.
ఆ వంపు ఇప్పటికీ నా అరచేతికి తెలుసు,
చీకట్లో తడిమినా చెప్తాను.
రెండే సీట్లు. ఒకటి తిప్పే మా పెదనాన్నకి,
ఒకటి మీసం సర్దుకునే పెళ్లికొడుక్కి.
పెళ్లికూతురు వెనకాల రిక్షాలో.

మహేంద్రతనయ వంతెన ఎక్కేటప్పుడు
గేసులైట్ల వేడి, తాసాల మోత,
చెమటకి కళ్లు మండేవి.
దిగేటప్పుడు మాత్రం, అబ్బ,
చేతులు వదిలేసేవాళ్లం.
అరనిమిషం అది ఎవరిదీ కాదు.
తెల్లటి జంతువేదో మేతాపి
నీళ్ల వాసనకి కదిలినట్టు.

ఒక్క పెళ్లిలో తిరగబడింది.
సావుకారి కోడలుగా వస్తున్న హేమసుందరి
రిక్షా దిగి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని
పెదనాన్నని లెగమంది.
ఆయన లెగిసినాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.
మొగుడు పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.
వంతెన దిగువన బ్రేకు తొక్కలేదు.
మేం అరుస్తా పరిగెట్టేం.
కింద చింతచెట్ల దాకా పోయి దానంతటదే ఆగింది.
ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో
గేసులైట్లు అందేసరికి
మొహం మామూలుగా పెట్టేసుకుంది.

తరవాత ఏ పెళ్లికీ ఇయ్యలేదు.
గొడౌను తాళం ఆవిడ కొంగునే ఉంది.
సీట్లు ఎలకలు తినేసినాయి, టాపు చిరిగింది,
టైర్లు నేలకి అతుక్కుపోయి నాలుగు నల్ల మచ్చలు.
ఏడాదికోసారి నేనూ ఇద్దరు కుర్రోళ్లూ
గుమ్మం దాకా తోస్తాం.
ఆవిడ కుర్చీ వేసుకుని కూచుంటుంది.
ఎండ పడతాది. మళ్లీ లోపలికి.

రేటు నాకు తెలీదు.
ఇప్పటికి ముగ్గురొచ్చినారు, ఒకాయన రాయపూర్ నుంచి.
ఆవిడ ఒక్కటే అడుగుతాది:
తలుపు తియ్యండి.
వాళ్లు పిడి కోసం బయటంతా తడిమినారు,
ఇటు, అటు, కిందకి వంగి కూడా.
టీ ఇచ్చి పంపేసింది.

కండిషన్ అంతా చెప్పేసినాను.
పిడి బయట లేదు.
అంతవరకే నేను చెప్పగలను.